ఏడో నంబరు జెర్సీ

పోయిన వారం కథలో నన్ను టలోవా హైస్కూల్ జిమ్ గుమ్మంలో వదిలేసి వెళ్లారు మీరు. చేతిలో అప్పుడే ఇస్త్రీ చేసిన బల్లగుడ్డ, ఎదురుగా పెద్ద తెర, తెర మీద నా కొడుకు టెవిన్ వీడియో. ఫిబ్రవరి మొదటి బుధవారం, ఉదయం తొమ్మిది. పదింటికి వాడు కెమెరాల ముందు ఆ బల్ల దగ్గర కూర్చుని, నాలుగు కాలేజీల టోపీల్లోంచి ఒకటి తీసి నెత్తిన పెట్టుకోవాలి. ఏ టోపీ పెట్టుకుంటే ఆ కాలేజీ జట్టులో, హెల్మెట్ పెట్టుకుని బంతి చేత్తో పట్టి పరిగెత్తే మా దేశపు ఫుట్‌బాల్ ఆడతాడు, చదువూ తిండీ వాళ్లే చూసుకుంటారు. నాలుగు నెలలుగా మా ఊళ్లో ఇంకో కబురు లేదు.

ఆ వీడియోని నలభై లక్షల మంది చూశారట. చూడనిది కన్నతల్లినైన నేనొక్కదాన్నే. నవ్వకండి. పదహారేళ్లుగా ఈ జట్టు బట్టలు ఉతుకుతున్నాను గానీ ఆట చూడలేను. పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి కుమ్ముకుంటుంటే నా కళ్లు వాటంతటవే మూసుకుపోతాయి. అందుకే ఆట ఉన్న రోజు కూడా వాషింగ్ మెషీన్ పక్కనే కూర్చుంటాను.

అలాంటిదాన్ని ఆ పొద్దున తప్పించుకోలేక చూశాను. జోరున వాన, బురద. ఏడో నంబరు జెర్సీ బంతి పట్టుకుని, మీద పడ్డవాణ్ణల్లా విదిలించుకుంటూ, మైదానం ఈ చివర్నుంచి ఆ చివరికి పరుగు. తొంభై నాలుగు గజాలు. వెనకాల స్కోరుబోర్డు మీద అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి: మెరిక్ ఊరి జట్టుతో ఆట, మూడో భాగం.

మెరిక్ ఆట మూడో భాగం నడిచేటప్పుడు నా కొడుకు మైదానంలో లేడు. హాస్పిటల్లో నా పక్కన, మంచం మీద ఉన్నాడు.

బల్లగుడ్డ అక్కడే కుర్చీ మీద పడేసి బట్టలుతికే గదికి వచ్చేశాను. కొక్కేనికి వేలాడుతున్న ఏడో నంబరు జెర్సీ కిందికి లాగాను. ఎడమ చేతికి నీలం దారం దొరక్క ఆకుపచ్చ దారంతో నేను వేసిన కుట్టు అలాగే ఉంది. తెర మీద పరిగెత్తిన చేతి మీదా అదే కుట్టు. జెర్సీ మాదే, సందేహం లేదు. లోపలున్న మనిషి ఎవరు?

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. మెరిక్ ఆట మర్నాడు ఈ జెర్సీ బురదలో ముంచి తీసినట్టు వచ్చింది. మొదటి సగంలోనే తలకి దెబ్బ తగిలి బయటికొచ్చినవాడి చొక్కాకి అంత బురదేమిటా అనుకున్నాను, అనుకుని సబ్బేశాను. ఆదివారం చర్చిలో జనం "నీ కొడుకు ఏం పరుగమ్మా!" అంటే, దెబ్బ తగలకముందు పరిగెత్తి ఉంటాడులే అనుకున్నాను. వాన అని ఊరు ఊరంతా ఇంట్లోనే రేడియో విన్నారు. రేడియోవాడికి హెల్మెట్ లోపలి మొహం ఏం కనపడుతుంది, నంబరు చూసి పేరు చెబుతాడు. వేలు పెట్టి అడగాల్సిన చోటల్లా నేనే సర్దిచెప్పుకున్నాను. తల్లి మనసు కదా, దానికి కావలసిందే వింటుంది.

తలుపు తోసుకుని కోచ్ డెల్మార్ స్ట్రిక్లండ్ వచ్చాడు. కొత్త సూటు, మెడలో నారింజరంగు టై. మా స్కూలు రంగు నీలం.

"ఏంటి లవెర్న్ గారూ, ఇవాళ కూడా బట్టలేనా? కొడుకు టీవీలో కనపడే రోజు!" అంటూ ఇస్త్రీ బల్ల మీద కాగితాలు పరిచాడు. "ఇదిగో, ఇక్కడొకటి, ఇక్కడొకటి, రెండే సంతకాలు. వాడికింకా పద్దెనిమిది నిండలేదు కదా, తల్లి సంతకం ఉండాల్సిందే. పదింబావుకల్లా ఫ్యాక్స్‌లో పంపెయ్యాలి. పంపామా, ఇక ఎవడూ మార్చలేడు."

"కూర్చోండి కోచ్ గారూ. చిన్న సందేహం. తెర మీద వేస్తున్నారే, ఆ పెద్ద పరుగు. అదే ఊరి ఆటలోది?"

"ఏదీ, తొంభై నాలుగు గజాలదా? అది... మేకాన్ రోడ్డు స్కూలు వాళ్లతో ఆడాం చూడండి, అప్పటిది అనుకుంటా."

"ఆ రోజు వాన పడలేదే."

"పడిందేమో. నాకు రోజులు గుర్తుండవు."

"డెల్మార్," అన్నాను. మర్యాద అక్కడితో అయిపోయింది. వీడు ఏడో క్లాసులో, నేను పదో క్లాసులో ఉన్నప్పుడు, బస్సెక్కుతూ ప్యాంటు చింపుకుంటే నా స్వెటర్ నడుముకి కట్టి ఇంటికి పంపినదాన్ని నేను. "నాతో దాగుడుమూతలు వద్దు. స్కోరుబోర్డు నేను చదివాను. టెవిన్ హాస్పిటల్లో ఉంటే ఈ జెర్సీ ఎవరేసుకున్నారు?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత తలుపు దగ్గరకేశాడు.

"ఆమోస్," అన్నాడు.

ఆమోస్ ట్రిప్లెట్. ఇరవై నాలుగో నంబరు. టెవిన్ ఎంత పొడుగో వాడూ అంతే. మాట అడిగితే తప్ప పెదవి విప్పని పిల్లవాడు. వాళ్లమ్మ రోజెట్టా కోళ్ల ఫ్యాక్టరీలో పని చేస్తుంది.

"నేను కావాలని చెయ్యలేదు, ఒట్టు," అన్నాడు డెల్మార్. "ఆమోస్‌కి ముక్కు పగిలి చొక్కా నిండా రక్తం. రూల్ మీకు తెలుసుగా, రక్తం కనపడితే రెఫరీ బయటికి పంపేస్తాడు, చొక్కా మారిస్తేనే మళ్లీ రానిస్తాడు. మనది బీద స్కూలు, స్పేర్ జెర్సీలెక్కడివి? టెవిన్‌ది హాస్పిటల్‌కి తీసుకెళ్లేటప్పుడు విప్పి బెంచీ మీద పడేశారు, అదే తగిలించాను. రెఫరీకి చెప్పే చేశాను. అంతే!"

"అంతేనా? మరి ఈ వీడియో పెట్టిన వెబ్‌సైట్‌వాడికి అది టెవిన్ అని ఎవరు చెప్పారు?"

"వాడే ఫోన్ చేశాడు, ఆ ఏడో నంబరు ఎవరని. ఏడో నంబరు టెవిన్ గ్యాస్కిన్ అన్నాను. జట్టు కాగితంలో ఉన్నదే చెప్పాను. అందులో అబద్ధమేముంది?"

ఇదండీ కథ. మా దేశంలో పదిహేడేళ్ల పిల్లలకి ఆట చూసి ఆ వెబ్‌సైట్లవాళ్లు హోటళ్లకిచ్చినట్టు స్టార్లిస్తారు, ఐదు దాకా. టెవిన్‌కి అప్పటిదాకా మూడు. మూడు స్టార్లంటే మంచిదే, పక్క జిల్లా కాలేజీ వాళ్లు వచ్చి చెయ్యి కలిపి వెళ్లేవాళ్లు. ఆ పరుగు బయటికి వచ్చిన వారానికి నాలుగు, నెలకి ఐదు. ఇక చూడాలి తమాషా! ఒక కాలేజీ కోచ్ హెలికాప్టర్లో మా మైదానంలో దిగాడు. ఇంకొకడు మా సోఫాలో కూర్చుని నేను వేయించిన చేపలు మూడుసార్లు వడ్డించుకుని, వాళ్లమ్మ చేతి వంట గుర్తొచ్చిందని కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు వచ్చినవాడూ అదే మాటన్నాడు, అక్కడే తుడుచుకున్నాడు. ఆలూ లేదు చూలూ లేదు, మంగలి షాపులో మాత్రం మా వాడు కోట్లిచ్చి ఆడించే పెద్ద లీగులో ఎన్నేళ్లు ఆడతాడన్న దాని మీద తగువులు.

"పదకొండు మంది పిల్లలకి తెలిసుంటుందే," అన్నాను.

"జట్టు మాట జట్టులోనే ఉండాలని చెప్పాను. ఉన్నారు. మంచి పిల్లలు."

"ఆమోస్‌కి కాలేజీల నుంచి ఎన్ని ఉత్తరాలొచ్చాయి?"

టై ముడి సర్దుకున్నాడు.

"ఎన్ని, డెల్మార్?"

"ఒక్కటీ రాలేదు. వాడు ఏమీ అడగలేదు లవెర్న్ గారూ."

"అడగనివాడికి అన్నం పెట్టరా మీ ఇంట్లో?" నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "అది సరే, ఆ నారింజ టై సంగతేంటి? మీ ఇంటి ముందు అమ్మకానికి బోర్డు పెట్టావట? నారింజ టోపీ కాలేజీలో నీకు ఉద్యోగం ఇస్తామన్నారా?"

ఊరికే చీకట్లో రాయి విసిరాను. తగిలింది. మొహం కందిపోయింది.

"ఇస్తే తప్పేంటి? ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో బురద తొక్కాను. నేనూ వాడితోపాటు వెళ్తాను, వాణ్ణి కనిపెట్టుకునే ఉంటాను. వాడు బాగుపడతాడు, నేను బాగుపడతాను, ఎవరికి నష్టం? సంతకం పెట్టండి. పది నిమిషాలు ఆలోచించుకోండి, కానీ పెట్టండి."

కాగితాలు అక్కడే వదిలేసి, కలం వాటి మీద పెట్టి వెళ్లిపోయాడు.

నేను చదవడం మొదలుపెట్టాను. మొదటిది కాలేజీది. రెండోది ఒంటి సంగతులది: ఆస్తమా ఉందా, ఆపరేషన్లు జరిగాయా. అన్నిటికీ ఎవరో ముందే టిక్కులు పెట్టి ఉంచారు. తొమ్మిదో ప్రశ్న. తలకి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? లేదు.

అప్పుడు వెలిగింది నా బుర్రలో. ఏడో నంబరు మూడో భాగంలో తొంభై నాలుగు గజాలు పరిగెత్తిందంటే, ఏడో నంబరుకి తలకి దెబ్బ తగల్లేదన్నమాట! నలభై లక్షల మంది సాక్ష్యం. మెరిక్ డాక్టరు చెప్పింది నాకింకా చెవుల్లోనే ఉంది: "మెదడు అదిరిందమ్మా. మూడు వారాలు ఆట మాటే వద్దు. ఇంకోసారి తగిలితే మాత్రం నేనేం చెప్పలేను." ఆ మూడు వారాలూ డెల్మార్ ఊళ్లో ఏం చెప్పాడు? తొడ కండరం పట్టేసిందని. దొంగ పరుగు ఒక్కటే కాదు, నిజం దెబ్బ కూడా ఆ జెర్సీ కిందే కప్పెట్టేశారు.

టెవిన్ వచ్చాడు. మామయ్య సూటు, భుజాల దగ్గర బిగుతు. కళ్లకి నల్లద్దాలు. ఈ నల్లద్దాలు మూడు నెలలుగా స్టైలు అనుకుంటున్నాను. ఇంట్లో కర్టెన్లు మూసుకోవడం కూడా స్టైలే అనుకున్నాను కాబోలు, నా తెలివి తగలెయ్య.

"అమ్మా, అందరూ వచ్చేశారు. టీవీ వాళ్లు నిన్నూ నా పక్కన కూర్చోమంటున్నారు."

"అద్దాలు తియ్యి."

"అమ్మా..."

"తియ్యరా."

తీశాడు. ట్యూబ్‌లైటు కేసి చూడలేక కళ్లు చికిలించాడు. నా చేతిలో జెర్సీ చూశాడు, బల్ల మీద కాగితాలు చూశాడు, గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

"ఆ రాత్రే కోచ్‌కి చెప్పానమ్మా, ఆమోస్ పేరు చెప్పమని. చెప్తానన్నాడు. తర్వాత నాలుగో స్టార్ వచ్చింది. తర్వాత ఇక ఎలా చెప్పను? ఊళ్లో నీళ్ల ట్యాంకు మీద నా పేరు రాశారు."

"తలనొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"రోజూ కాదు."

"టెవిన్."

"రోజూ." తల వంచుకున్నాడు. "నేను అంత వేగంగా పరిగెత్తలేనమ్మా. ఎప్పుడూ పరిగెత్తలేదు. వేసవిలో అక్కడికెళ్లాక మొదటి రోజే తెలిసిపోతుంది. తెలిసేలోపు ఇంకొంచెం కష్టపడితే..."

"ఇంకొంచెం కష్టపడితే ఇంకో దెబ్బ తగుల్తుంది. నేను సంతకం పెట్టను నాన్నా. మూడు స్టార్లప్పుడు వచ్చిన కాలేజీ చాలు మనకి. ముందు డాక్టరు, తర్వాతే ఆట. కోపమా నా మీద?"

అద్దాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీ ఇష్టం," అన్నాడు. కళ్లెత్తి చూడలేదు. "లైటు ఆర్పెయ్యవా? రెండు నిమిషాలు ఇక్కడ కూర్చుంటాను."

లైటు ఆర్పాను. వాడి తల మీద చెయ్యి పెట్టాను. పుట్టినప్పుడు అక్కడే మాడు మెత్తగా కొట్టుకునేది. తలుపు దగ్గరకేసి బయటికొచ్చాను. నాకు ఇంకొక పిల్లవాడితో పనుంది.

ఆమోస్ జిమ్ వెనక కుర్చీలు మోస్తున్నాడు. వేడుక వాడి స్నేహితుడిది, కుర్చీలు వాడివి.

"ఆమోస్, ఇలా రా. మెరిక్ ఆటలో పరుగు నీదట కదా?"

కుర్చీ కింద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. "కోచ్ చెప్పారా ఆంటీ?"

"నేనే కనుక్కున్నాను. నువ్వెందుకు నోరు మూసుకున్నావురా?"

"ఎవరు నమ్ముతారు ఆంటీ? వీడియోలో ఏడు అని ఉంది." ముక్కు రుద్దుకున్నాడు, అక్కడింకా చిన్న గాటు ఉంది. "టెవిన్ నాకు చిన్నప్పట్నుంచీ దోస్తు. వాడు వెళ్తే వెళ్లనీ అనుకున్నా."

"మీ అమ్మకైనా చెప్పలేదా?"

నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోను. "అమ్మ ఆ వీడియో రోజూ చూస్తుంది ఆంటీ. చూసి, 'టెవిన్‌లాగ నువ్వూ ఒక్కసారైనా పరిగెత్తొచ్చుగా' అంటుంది."

వాడి భుజం పట్టుకుని, "ఇవాళ మీ అమ్మ పక్కన కూర్చో. కుర్చీలు ఇంకెవరైనా మోస్తారు," అని మాత్రం అన్నాను.

గదికి తిరిగొచ్చేసరికి టెవిన్ లేడు. కాగితాలూ లేవు. కలం ఒక్కటి నేల మీద పడుంది. చింపి పారేసి ఉంటాడు, నా బంగారం, అనుకున్నాను. కడుపు చల్లబడింది. హాస్పిటల్లో వాడి మణికట్టుకి కట్టిన కాగితప్పట్టీని ఆ రోజు నుంచీ నా సంచిలో ఉండే బైబిల్లో దాచుకున్నాను, దాని మీద వాడి పేరూ, చేర్చుకున్న వేళా అచ్చేసి ఉన్నాయి: ఏడూ యాభై రెండు, మూడో భాగం ఇంకా మొదలవని వేళ. దాన్ని తీసి మడిచి పిడికిట్లో పెట్టుకున్నాను. ఏడో నంబరు జెర్సీ చంకలో పెట్టుకుని జిమ్‌లోకి నడిచాను.

జిమ్ కిక్కిరిసిపోయింది. బ్యాండు మోగుతోంది. చర్చి వాళ్లు, మంగలి షాపు వాళ్లు, ఎన్నడూ మా గుమ్మం తొక్కని మేయరు, అందరూ లేచి నిలబడి నాకే చప్పట్లు కొట్టారు. పై వరసలో రోజెట్టా ఫ్యాక్టరీ బట్టలతోనే వచ్చి ఫోన్ ఎత్తి పట్టుకుంది. పక్కన ఆమోస్. తెర మీద అదే పరుగు, మళ్లీ, మళ్లీ. రోజెట్టా తెర చూసి చప్పట్లు కొట్టింది.

నేను టెవిన్ పక్కన కూర్చున్నాను. నల్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. నాలుగు టోపీలు వరసగా ఉన్నాయి. వెనక డెల్మార్ నిలబడ్డాడు, పక్క గదిలో ఫ్యాక్స్ మిషన్ దగ్గర ఆఫీసు అమ్మాయి సిద్ధంగా ఉంది. ఇక వీడు లేచి నిజం చెబుతాడు, లేదా నేను చెబుతాను, అని ఊపిరి పీల్చుకున్నాను.

టెవిన్ చెయ్యి చాపి నారింజ టోపీ తీసి పెట్టుకున్నాడు.

కప్పు ఎగిరిపోయేలా అరిచారు జనం. ఆ అరుపుల్లో డెల్మార్ వంగి, చింపేశాడనుకున్న ఆ రెండు కాగితాలు మా ముందు పరిచాడు. "థాంక్స్ లవెర్న్ గారూ," అని నా చెవిలో అన్నాడు, "మనసు మార్చుకున్నారట, టెవిన్ చెప్పాడు."

రెండిటి మీదా నా సంతకం ఉంది.

నా పేరులో మొదటి అక్షరానికి నేను తోక పెట్టను. ఈ సంతకంలో తోక ఉంది, కిందికి దిగి వెనక్కి తిరిగిన తోక. టెవిన్ ఆరో క్లాసులో లెక్కల్లో తప్పి ప్రోగ్రెస్ కార్డు మీద నా సంతకం వాడే పెట్టేసుకున్నప్పుడూ ఇదే తోక. ఆ రోజు నేను వాణ్ణి కొట్టలేదు. నవ్వాను, ఇంకోసారి చెయ్యకు అన్నాను. పొద్దుట్నుంచీ డెల్మార్‌ని అనుమానించాను, వెబ్‌సైట్‌వాణ్ణి అనుమానించాను, నారింజ టైని అనుమానించాను. నా పక్కన కూర్చున్నవాణ్ణి ఒక్క క్షణం అనుమానించలేదు.

బల్ల కింద ఒక చెయ్యి వచ్చి నా చెయ్యి పట్టుకుంది, కాగితప్పట్టీ ఉన్న పిడికిలిని. చూపుడు వేలికి నీలం సిరా.

"అమ్మా, ప్లీజ్," అన్నాడు పెదవులు కదపకుండా.

టీవీ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని మైకు నా మొహం ముందు పెట్టింది. బ్యాండు ఆగింది. డెల్మార్ కాగితాలు తీసుకోబోయాడు. నేను వాటి మీద అరచెయ్యి ఆనించి నొక్కిపెట్టాను.

"లవెర్న్ గారూ," అంది ఆ అమ్మాయి తియ్యగా, "కొడుకు కోసం ఈ సంతకం పెట్టేటప్పుడు తల్లిగా మీకేమనిపించింది?"

నాది కాదంటే, నలభై లక్షల మంది ముందు నా కొడుకు దొంగ. నాదేనంటే, ఇంకో దెబ్బ ఎప్పుడు తగులుతుందా అని నేను బతికున్నన్నాళ్లూ ఫోన్ మోగినప్పుడల్లా చావాలి. పై వరసలో రోజెట్టా ఫోన్ నా వైపు తిప్పి నవ్వుతోంది.

టెవిన్ కళ్లద్దాలు నేనే తీశాను. లైట్ల వెలుగుకి వాడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. జెర్సీ తీసి టోపీల మీద పరిచాను.

"ఈ సంతకం," అన్నాను మైకులో.